పాత కారుకు కొత్త తివాచీ



కారు విషయం వచ్చేసరికి ఇంజను సంగతీ, టైర్ల సంగతీ మగవాళ్ళే తేల్చుకుంటారు. కాళ్ళకింద పరిచే తివాచీ దగ్గరికి వచ్చాక మటుకు, "అది నీ డిపార్టుమెంటు, రంగు చెప్పు చాలు" అని మన మీదికి తోసేస్తారు. సరే, మన డిపార్టుమెంటే అనుకుందాం. అయితే రంగు చెప్పి ఊరుకోవద్దు సుమండీ. ఆ తివాచీకింద ఇప్పుడేం వుంది, ఏం వెయ్యబోతున్నారు అన్నది కూడా మనమే అడగాలి. పచ్చడి జాడీలో నీటిచుక్క పడితే ఏమవుతుందో, పప్పుల డబ్బాకి చెమ్మ తగిలితే ఏమవుతుందో తెలిసినవాళ్ళం మనం. పాత కారు అడుగుభాగానికి వచ్చే చేటంతా ఆ చెమ్మతోనే మొదలవుతుంది.

ఈ రోజుల్లో పాత కార్లు ఎవరింట్లో వున్నాయండీ అనకండి. అంబాసిడర్ల తయారీ బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా ఆ ఏడే ఆగింది. ప్రీమియర్ పద్మిని, అంటే మనవాళ్ళు ఇప్పటికీ ఫియట్ అని పిలిచేది, అంతకు పదేళ్ళకు పైగా ముందే ఆగింది. అయినా 15 ఏళ్ళు నిండాక కారును చూపించి, మళ్ళీ 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వాటిని ఇంట్లో మనిషిలా చూసుకునే కుటుంబాలు మన ఊళ్ళలో వున్నాయి. మాదీ అలాంటి ఇల్లే. మా మావగారు కొన్న అంబాసిడరు అది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు దాన్లోకి ఎక్కినంత సులువుగా కొత్త కార్లలోకి ఎక్కలేరు. సీటు మనింట్లో కుర్చీ అంత ఎత్తున వుంటుంది. వచ్చిన చిక్కల్లా మోతతోనే. ఆవిడకి వినికిడి తగ్గి చెవికి మిషను పెట్టుకున్నారు. ఆ మిషను మన మాటతోబాటు కారు మోతను కూడా పెంచి వినిపిస్తుంది. గుడివాడ ప్రయాణమంటే కంకిపాడు దాటేలోపే ఆవిడ మిషను తీసి చేతిసంచీలో పడేసుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. పక్కనున్న మనవరాలు ఏం చెబుతోందో ఆవిడకి అక్కర్లేదనా? అందుచేత మా ఇంట్లో ఈ పని అలంకారం కోసం మొదలు కాలేదు.

ముందు ఒక్క ముక్క తెలుసుకోవాలి. లారీకి కింద ఇనప చట్రం వేరే వుంటుంది, దానిమీద బాడీ బిగిస్తారు. అంబాసిడరు, ఫియట్, మారుతి 800 అలా కాదు. వాటికి వేరే చట్రమంటూ లేదు. అడుగురేకు, పక్కన గడపలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి అతికిన పెట్టెలాగా ఒకదానికొకటి బలమిస్తాయి. కనుక అడుగురేకు తుప్పుపట్టి జల్లెడ అయిందంటే అందం చెడినట్టు కాదు, ఇంటి దూలానికి చెదపట్టినట్టు. సీటును పట్టుకునే బోల్టులు కూడా ఆ అడుగులోకే దిగుతాయి. దానిమీద మనం మెత్తటి తివాచీ పరిచి, కంటికి కనబడకుండా చేస్తున్నాం. మరి పరిచేముందు ఒక్కసారి కళ్ళారా చూసుకోవద్దూ?

తివాచీ కొనడానికి బజారుకు బయల్దేరేముందు చేయవలసింది ఇంకొకటి వుంది. మోత ఎక్కణ్ణించి వస్తోందో వినండి. కారును ఆరుబయట నిలబెట్టి ఇంజను మాత్రం ఆడించి, అద్దాలు ఎత్తుకుని లోపల కాసేపు కూర్చోండి. అప్పుడే చెవులు గింగురుమంటే తప్పు ఇంజను పట్టీలదో, సైలెన్సరుదో. కారు కదిలాక వేగంతోబాటు పెరిగే హోరు టైర్లదీ గాలిదీ. గతుకుల్లో మాత్రమే వచ్చే గలగల ఎక్కడో వదులైన బోల్టుది. సైలెన్సరుకి చిల్లు పెట్టుకుని, లోపల ఎంత ఖరీదైన పొర పరిచినా ఆ డబ్బు గంగలో పోసినట్టే. తలుపు రబ్బర్లు ఎండి బిగుసుకుపోతే వచ్చే గాలి ఈలకి కూడా అడుగున మందు లేదు. అడుగున వేసేవాటితో బాగా తగ్గేది టైర్ల రొద, రేకు దడ, కిందినుంచి వచ్చే వేడి. ఈ మూడూ మీ బాధ అయితే ఇక పనిలోకి దిగవచ్చు.

సీట్లు విప్పించి, పాత రబ్బరు మాటూ, దానికింద వున్న జనపనార ఫెల్టూ అన్నీ బయటికి లాగించండి. జనపనార నీళ్ళు తాగితే వదలదు. మా కారులోంచి తీసినది చేత్తో పిండితే నీళ్ళు కారాయి, అదీ వానలు వెలిసి మూడు వారాలైన తరవాత. పైన రబ్బరు మాటు పొడిగానే వుండేది! పైనుంచి చూసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?

రెండురోజులు తలుపులు తెరిచి ఎండలో వుంచాక, నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో పట్టుకోవాలి. దీనికి మనింటి సరుకే చాలు. అడుగున అతుకుల పొడవునా, ముందు అద్దంకింద, తలుపు గడపల దగ్గర ముగ్గుపిండి పలచగా జల్లండి. లోపల ఒకరు టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి, బయట ఒకరు గొట్టంతో నీళ్ళు పట్టాలి. కిందినుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కొక్కచోట 5 నిమిషాలు. మొదటే కప్పు మీద పోశారనుకోండి, నీళ్ళు అన్నిటిమీంచీ జారి, ఎక్కణ్ణించి దూరాయో ఎవరికీ తెలీదు. నీళ్ళు దిగినచోట ముగ్గులో చార పడుతుంది. ఆ చార వెంట పైకి పోతే చిల్లు దొరుకుతుంది. ఎక్కువగా దొంగ ముందు అద్దం చుట్టూ వుండే రబ్బరు దగ్గర, తీగలు లోపలికి వచ్చే కంతల దగ్గర వుంటాడు. ఎ.సి. పెట్టించుకున్న కార్లలో ముందు కాళ్ళ దగ్గర ఒకవైపే తడి అవుతూ, అదీ ఎండాకాలంలో అవుతూ వుంటే, వానను తిట్టకండి. ఎ.సి. నీళ్ళు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడిందన్నమాట. తలుపుల అడుగున కూడా నీళ్ళు పోయే సన్నటి కంతలుంటాయి. వాటిని పుల్లతో శుభ్రం చేయించండి, ఏ షీటుతోనూ మూయనివ్వకండి.

ఇక తుప్పు. పైపైన ఎర్రగా పట్టిన తుప్పుకి భయపడనక్కర్లేదు. వైరు బ్రష్షుతో రుద్దించి, రెడాక్సైడు పూత పూయించి, ఆరాక పైన పెయింటు రెండు పూతలు వేయిస్తే సరి. అనుమానమున్న చోటల్లా స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిపించండి. మొన దిగిందంటే ఆ రేకుకి రోజులు చెల్లాయి. అక్కడివరకు కోసి, కొత్త రేకు ముక్క వెల్డింగు చేయించాలి. పుట్టీతోనో, ఫైబరు గుడ్డతోనో మూసి పైన నల్లరంగు కొడతామంటే ఒప్పుకోకండి. పుట్టీ చిల్లును దాస్తుంది గానీ సీటును మొయ్యదు. మా విజయవాడవాళ్ళకి ఈ పనికి జవహర్ ఆటోనగరు వుంది గనుక బెంగలేదు. రేకుపని మేస్త్రీలు ఒక వీధిలో, సీట్లు కుట్టేవాళ్ళు ఇంకో వీధిలో దొరుకుతారు. పని జరిగే రోజున ఒక్కసారి వెళ్ళి, రేకు బోసిగా వుండగా చూసి, ఫోనులో ఫోటో తీసుకుని రండి. కప్పేశాక అడిగితే ఎవరైనా "అంతా భేషుగ్గా వుందమ్మగారూ" అనే అంటారు.

మా వీధిలో ఒకావిడ కారుకి ఒక కొట్టువాడు పాత ఫెల్టు మీదే కొత్త తివాచీ జిగురుతో అతికించి పంపాడు. చూడ్డానికి పెళ్ళిపందిట్లో పరిచినట్టు వుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి కారులో ముక్క వాసన మొదలైంది. సెంటు సీసాలు పెట్టారు, కర్పూరం పెట్టారు. చివరికి ఒకనాడు ఆవిడ కాలు ఆనించినచోట నేల మెత్తగా దిగిందట! తివాచీ చించి చూస్తే చేతిపట్టు మేర రేకు లేదు. రోడ్డు కనబడుతోంది. జిగురుతో అతికించారు గనుక మధ్యలో ఎత్తి చూసే వీలు లేకపోయింది వాళ్ళకి. ఇది విన్న దగ్గర్నించీ నేను ఎవరడిగినా మొదట చెప్పే మాట, ఏది వేసినా ఎత్తి చూసుకునేట్టు వేయించుకోండి అనే.

రేకు పొడిగా, గట్టిగా అయ్యాక మోత సంగతి. వంటింట్లో స్టీలు పళ్ళెం ఒకటి అంచు పట్టుకుని గరిటెతో కొట్టండి. ఖంగుమని మోగుతూనే వుంటుంది. ఇప్పుడు మధ్యలో ఒక వేలు ఆనించి కొట్టండి. టప్పుమని చప్పుడు అక్కడే చచ్చిపోతుంది. వేలు పళ్ళాన్నంతా కప్పలేదు, గమనించారా? కారు అడుగురేకు కూడా అలాంటి పళ్ళెమే. టైర్లూ ఇంజనూ దాన్ని కొడుతూ వుంటాయి, అది మోగుతూ వుంటుంది. దానిమీద ఆనించే వేలే ఈ మోత చంపే షీటు. మంచిది బ్యూటైల్ రబ్బరుతో చేస్తారు, పైన అల్యూమినియం రేకు పొర వుంటుంది, మందం 2 మిల్లీమీటర్లు సుమారు. కింద కారు రేకు, పైన అల్యూమినియం పొర, నడుమ రబ్బరు నలుగుతూ ఆ అదురునంతా తనలో ఇముడ్చుకుని కాస్త వేడిగా మార్చేస్తుంది. చేతికి తెలిసేటంత వేడి కాదులెండి.

వేలితో పళ్ళాన్నంతా కప్పనక్కర్లేదు గనుక, ఈ షీటుతో అడుగంతా కప్పనక్కర్లేదు. వేలి కణుపుతో రేకంతా తట్టుకుంటూ పోండి. డోలులా మోగేచోట్ల, అంటే చదునుగా వున్న పలకల మధ్యభాగంలో, పావువంతు నుంచి సగం దాకా అతికిస్తే రావలసిన ఫలితంలో చాలావరకు వచ్చేస్తుంది. వంపులు తిరిగినచోట రేకు దానంతటదే గట్టిగా వుంటుంది. మా మేస్త్రీ, "మొత్తం కప్పేద్దాం అమ్మగారూ, ఓ పనైపోతుంది" అన్నాడు. "ముందు ఈ పలక మధ్యలో ఒక ముక్క అతికించు బాబూ, తట్టి చూద్దాం" అన్నాను. తట్టి, నవ్వేశాడు. కొట్లో చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు మరి, వాళ్ళు సగం చాలని ఎందుకంటారు? ఆ మిగిలిన డబ్బుతో పైపొరలు మంచివి కొనుక్కోవచ్చు.

చౌకగా దొరుకుతోంది కదా అని డాబా కారకుండా వేసే తారు షీటు తెచ్చి కారులో అతికించేవాళ్ళున్నారు. అది మాత్రం వద్దు. మన కోస్తా ఎండల్లో, మే నెల మధ్యాహ్నం అద్దాలెత్తి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. తారు మెత్తబడుతుంది, జారుతుంది, వాసన కొడుతుంది. ఏ షీటైనా సరే, బ్యూటైల్ అని చెప్పి అమ్మినా సరే, అరచేతి ముక్క ముందుగా అడిగి తెచ్చుకోండి. పాత టిఫిను డబ్బాలో వేసి మూతపెట్టి డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో రెండుగంటలుంచండి. మూత తీసి వాసన చూడండి. తారు గుప్పుమంటే అది మీ పిల్లలు పీల్చబోయే గాలి. ఇంకో ముక్కను రేకుకి అతికించి నిలువుగా ఎండలో ఆనించండి. సాయంత్రానికి జారిందా, అక్కడే వుందా చూసుకోండి.

అతికించేముందు రేకును స్పిరిటుతో తుడిపించాలి. జిడ్డుమీద ఏదీ నిలవదు. తరవాత షీటును చిన్న రోలరుతో గట్టిగా వొత్తాలి. మన అప్పడాల కర్రలాంటిదే అది, కాకపోతే చిన్నది. అల్యూమినియం మీది అచ్చుగీతలు చదునయ్యేదాకా వొత్తితేగాని కింద గాలి పోదు. గాలి మిగిలినచోట చెమ్మ చేరుతుంది.

ఇంతటితో రేకు మోగడం ఆగింది. కాని చప్పుడుకి ఇంకో దారి వుంది. బయట గాలిలో వున్న హోరు రేకును దాటి లోపలికి రావడం. దీనికి రెండు పొరలు కావాలి, కింద మెత్తనిది, పైన బరువైనది. మిక్సీకింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే బల్ల అదరడం తగ్గుతుంది చూశారా, ఆ తువ్వాలు పనిచేసేది నురుగు పొర. ఇక బరువు సంగతి, గోడ మందమైతే పక్కింటి రేడియో వినబడదు, అంతే. పలచగా, బరువుగా వుండే వినైలు షీటు దీనికోసమే దొరుకుతుంది. చదరపు మీటరుకి సుమారు 5 కిలోలుంటుంది. మా అంబాసిడరులో పరవవలసిన చోటు రెండున్నర చదరపు మీటర్లు, అటూయిటూ. అంటే 12 కిలోల చిల్లర. పాతిక కిలోల బియ్యం బస్తాలో సగం. అంబాసిడరుకది లెక్కలోది కాదు. మారుతి 800 లాంటి తేలిక బండికి మాత్రం ముందువైపు కాళ్ళ దగ్గరవరకే ఈ బరువు వేసి, మిగతా చోట నురుగుతో సరిపెట్టుకోండి.

నురుగు ఎంపికలో చాలామంది మోసపోతారు. పరుపుల్లో వాడే స్పాంజి మెత్తగా వుంటుంది, చౌక కూడా. దాని కళ్ళన్నీ ఒకదాన్లోకి ఒకటి తెరుచుకుని వుంటాయి, కాబట్టి నీళ్ళు తాగుతుంది. మనం పారేసిన జనపనార ఫెల్టు మళ్ళీ తెచ్చుకున్నట్టే. మనకి కావలసింది కళ్ళు మూసుకుని వుండే నురుగు. నైట్రైల్ రబ్బరుతో చేసినది ఒకటి, గట్టి పాలిథిన్‌తో చేసినది ఒకటి దొరుకుతాయి, 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం చాలు. కొట్టువాడి మాట నమ్మనక్కర్లేదు. ఒక ముక్కను వంటింటి తూకంలో తూచి, గిన్నెడు నీళ్ళలో ముంచి, తేలకుండా పైన రాయి పెట్టి రాత్రంతా వుంచండి. తెల్లారి తుడిచి మళ్ళీ తూచండి. బరువు అంతే వుంటే కొనండి. రెట్టింపైతే దాన్ని గిన్నెలు తోముకోవడానికి వుంచుకోండి.

ఈ పొరలు ఎంత గొప్పవైనా సందులుంటే వ్యర్థం. తలుపు బెత్తెడు తెరిచిపెట్టి గోడ మందం గురించి మాట్లాడితే ఏం లాభం? అడుగులో నూటికి ఒక వంతు చోటు తెరిచి వున్నా సరే, మిగిలినదాన్ని ఎంత బరువుతో మూసినా, 20 డెసిబెల్స్‌కు మించి చప్పుడు తగ్గదని లెక్క. అందుకని గేరు కడ్డీ, బ్రేకు కడ్డీ, తీగలు వచ్చే కంతలకి రబ్బరు బిళ్ళలు కొత్తవి వేయించండి. పాత కార్లలో సగం బిళ్ళలు ఎప్పుడో ఊడిపోయి వుంటాయి. ఇది చప్పుడుకోసమే కాదు సుమండీ. ఆ కంతల్లోంచే సైలెన్సరు పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. దూరప్రయాణంలో వెనక సీట్లో పిల్లలకి తలనొప్పి, వికారం, మత్తు వస్తే అన్నీ పైత్యమని నిమ్మకాయ చేతికివ్వకండి. కారు ఆపి, అందరినీ దింపి గాలి పీల్చుకోనివ్వండి. సైలెన్సరు గొట్టం, అడుగు కంతలు చూపించుకోకుండా ఆ కారు మళ్ళీ బయటికి తియ్యకండి.

ఇంతదూరం వచ్చాక, ఇప్పుడు తివాచీ. తివాచీ తనంతట తాను చేసే మోత నివారణ తక్కువ. లోపల గలగలలాడే సన్నటి చప్పుళ్ళను కాస్త పీల్చుకుంటుంది, కిందినుంచి వచ్చే బండ హోరును ఆపలేదు. కాబట్టి తివాచీ మీద పెట్టే డబ్బు దాని మన్నికకోసం, శుభ్రంకోసం పెట్టండి.

నూలు దేనిదో అడగండి. నైలాను అయితే తొక్కినా మళ్ళీ లేచి నిలబడుతుంది, అరుగుదల తక్కువ. పాలీప్రొపిలీను అయితే నీళ్ళు దాదాపు పీల్చదు, చౌక. కాని మడమకింద త్వరగా అణిగిపోయి చాపలా తయారవుతుంది. పైగా 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. నైలానులో మామూలుగా దొరికే రకం 220 దాకా ఆగుతుంది. కాబట్టి గేరుపెట్టె మీద, సైలెన్సరు గొట్టం పోయే వైపున నైలాను మేలు. ఉన్ని తివాచీ గొప్పగానే వుంటుంది, మన వానాకాలం చెమ్మకీ, పురుగుకీ మాత్రం పనికిరాదు. మీరు ముచ్చటపడితే ఇంట్లో పరుచుకోండి. ఇక వెనకవైపు తిప్పి చూడడం మర్చిపోవద్దు. వెనక జనపనార గుడ్డ వుంటే కుళ్ళిపోతుంది. గోకితే పొడిగా రాలే రబ్బరు పూత వుంటే రెండేళ్ళు నిలవదు.

నాణ్యం చూడడానికి పట్టుచీర అంచు చూసినట్టే చూడాలి. తివాచీని పైవైపు బయటికి వచ్చేట్టు మడిచి పట్టుకోండి. మడతమీద నూలు విడిపోయి కింద గుడ్డ బాగా కనబడితే నేత పలచనన్నమాట. తరవాత చిన్న ముక్క ఇంటికి తెచ్చి కుర్చీ కాలికింద రాత్రంతా వుంచి, పొద్దున దువ్వి చూడండి. లేచిందా, పడుకునే వుందా? ఉంగరాలు తిరిగిన నూలు రకం అణగదు గానీ, చెప్పుల మేకులకీ, ఆడవాళ్ళ మట్టెలకీ చిక్కి పోగు లాగేస్తుంది. కత్తిరించిన నూలు పొట్టిగా, దట్టంగా వున్నదే కారుకి నప్పుతుంది. రంగు అడిగారు గనుక చెబుతాను. నలుపు మీద ప్రతి దుమ్ముకణమూ కనబడుతుంది, మీగడరంగు మీద ప్రతి బురదచుక్కా కనబడుతుంది. మీ ఊరి మట్టి రంగుకి దగ్గరగా, బూడిదరంగో, గోధుమరంగో తీసుకుంటే మీ నడుముకి విశ్రాంతి.

ఇప్పుడు కొట్లల్లో 5డి, 7డి అని తోలులాంటి గుడ్డకి స్పాంజి కుట్టి, గిన్నెలా వంచిన మాట్లు అమ్ముతున్నారు. తుడవడం సులువు, ఇసక కనబడదు, నిజమే. ఎత్తి తీసేవైతే పర్వాలేదు కూడా. కాని కొందరు వాటిని అంచులకంటా బిగించేస్తారు. కింద చేరిన చెమ్మ పైకి ఆరడానికి వీలుండదు. అదీగాక ఆ గట్టి అంచు యాక్సిలరేటరు దగ్గర పైకి లేస్తుంది. 2009లో అమెరికాలో టొయోటా కంపెనీ వారు 38 లక్షల కార్లకి హెచ్చరిక జారీచేశారు. కారణం ఇంజను కాదు, పైన వేసుకునే మాటు జరిగి యాక్సిలరేటరును కిందికి నొక్కిపట్టడం. అంత పెద్ద కంపెనీ కార్లకే ఆ గతి అయితే, మన వీధి మేస్త్రీ కుట్టిన మాటు సంగతి మనం చూసుకోవద్దూ? పని పూర్తయ్యాక ఇంజను ఆపి వుండగా మూడు పెడళ్ళనూ అడుగుకంటా తొక్కించి, వంగి చేత్తో తడిమి చూడండి. ఎక్కడా రాసుకోకూడదు. ఆ పెడళ్ళకింద నురుగు పలచనిది వేయించండి, మందంకోసం ఆశపడవద్దు.

నిప్పు సంగతి కూడా అడగాలి. కారు లోపల వాడే గుడ్డలకీ తివాచీలకీ మన దేశంలో ఐ.ఎస్. 15061 అనే ప్రమాణం వుంది. అడ్డంగా పెట్టి అంటించినప్పుడు మంట నిమిషానికి 100 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. బిల్లు మీద ఆ నంబరు రాసిచ్చేవాడి దగ్గర కొనండి. ఇంట్లో పరిచే తివాచీ తెచ్చి కారుకి కత్తిరించేవాడికి ఆ నంబరు సంగతే తెలియదు.

కుట్టించే పద్ధతి ఒక్కటే గట్టిగా పట్టుబట్టండి. ఒకే ముక్కగా వద్దు. ముందు కుడి, ముందు ఎడమ, మధ్య గట్టుమీదిది, వెనక రెండు, ఇలా విడివిడిగా కుట్టించి, అంచులకి బట్ట పట్టీ నైలాను దారంతో కుట్టించండి. నూలు దారం ఒక్క వానాకాలానికి పుటుక్కుమంటుంది. కొలతకి పాత మాటునే అచ్చుగా పెట్టుకోవచ్చు, లేదా దినపత్రికలు అతికించి కత్తిరించుకోవచ్చు, రవికెకి కాగితం అచ్చు తీసినట్టు. నిలపడానికి జిగురు కాదు, ప్రెస్ బటన్లో, వెల్క్రో పట్టీలో వేయించండి. సీటు బోల్టులూ, బెల్టు బోల్టులూ బిగించేచోట మాత్రం అన్ని పొరలూ గుండ్రంగా కోసేయాలి. ఇనుము ఇనుముకి ఆనాలి. మధ్యలో నురుగు చిక్కితే ఇవాళ బిగుతుగా వున్న బోల్టు ఆరునెలలకి వదులవుతుంది. మేస్త్రీని అడిగి పనిముట్టుతో ఒక్కసారి మీ ఎదటే బిగించమనండి, మొహమాటపడకండి.

ఎంత తగ్గుతుందండీ అంటారా? కొత్త కారయిపోతుందని నేను చెప్పను. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సగమైనట్టు అనిపిస్తుంది. అంత రావడం కష్టం. మా అమ్మాయి ఫోనులో చప్పుడు కొలిచే సాధనం పెట్టి, పనికి ముందూ వెనకా ఒకే రోడ్డు మీద, 50 వేగంలో, అద్దాలెత్తి చూసింది. నాలుగైదు అంకెలు తగ్గింది. ఫోను అంకె కచ్చితం కాకపోయినా, తేడా తెలుసుకోవడానికి చాలు. అంకెలకన్నా నాకు తెలిసిందేమిటంటే, అత్తగారు కంకిపాడు దాటినా మిషను చెవిలోనే వుంచుకున్నారు. "కాస్త నెమ్మదిగా పోనీరా, బావుంది" అన్నారు మావారితో. 70 దాటితే గాలి హోరు మామూలే, దానికి తలుపు రబ్బర్లు మార్చవలసి వుంది. అది వచ్చే నెల ఖర్చు.

డబ్బు చాలకపోతే అన్నీ ఒకేసారి చేయనక్కర్లేదు. తుప్పు, కారుడు, కంతలు ముందు. ఆ తరవాత డోలు మోగేచోట షీటు. నురుగూ బరువు పొరా మరో జీతానికి. అంతవరకు ఎత్తి తీసే మామూలు రబ్బరు మాట్లతో నడిపించుకోవచ్చు, రేకు మాత్రం రంగు పూసి పొడిగా వుండాలి.

వేయించాక పాలనంటూ పెద్దగా లేదు. వానాకాలంలో రెండువారాలకోసారి ముక్కలు ఎత్తి, కింద చేత్తో తడిమి చూడండి, తలుపులు తీసి ఒక పూట గాలి తగలనివ్వండి. తడిసిన తివాచీని ఆ రోజే బయటికి తీసి తలకిందులుగా నీడలో ఆరవేయండి. బకెట్లతో నీళ్ళు పోసి కడగొద్దు, తడిగుడ్డతో అద్ది పొడిగుడ్డతో పిండితే చాలు. ప్రయాణంలో పిల్లల పాలసీసా ఒలికిందనుకోండి, చన్నీళ్ళే వాడండి. వేడినీళ్ళు పోస్తే పాలు నూలులో పట్టుకుపోయి మర్నాటికి పులిసిన వాసన కొడుతుంది. చన్నీళ్ళతో రెండుమూడుసార్లు అద్ది తీసి, ఆరాక వంటసోడా చల్లి, రాత్రంతా వుంచి, పొద్దున బ్రష్షుతో దులిపేయండి.